నీలం దారం వాయి

ఆ రోజు పొద్దున మా ఆయన రెండో ముద్ద నోట్లో పెట్టుకుని, “పుట్నాల పొడిల పల్లీలు ఏసినవా ఏంది? మంచిగున్నది,” అన్నాడు.

రాత్రి పాళీ దిగి వచ్చిన మనిషి. బట్ట నేసే సాంచెల మోతకు సగం చెవుడు, నిద్రకు సగం కళ్ళు మూతలు. ఆయన నాలుకను నమ్మాల్సిన పని లేదనుకున్నాను. పల్లీలు ఎక్కడివి నీ మొహం, తిని పడుకో అని కసిరాను కూడా. కానీ చెయ్యి ఊరుకోలేదు. ఆయన కంచంలోంచి చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకున్నాను. ముందు వెల్లుల్లి తగిలింది, తర్వాత కారం, ఆ వెనక నూనె కమ్మదనం. పుట్నాలకు ఆ కమ్మదనం ఉండదు. వేయించిన పల్లీలకే ఉంటుంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పొడి పాకెట్లు ముందురోజు సాయంత్రమే హజీరా వెళ్ళిపోయాయి. అక్కడ ఒక చిన్నపిల్ల ఉంది. ఆ పిల్ల పల్లీలు తినకూడదు.

మేముండేది గుజరాత్‌లో, సాంచెల పనికి మనవాళ్ళు వలస వచ్చిన నవాగామ్‌లో. ముందు గదిలో కాపురం, వెనక గదిలో పొడుల పని. నేనూ మా అత్తమ్మా కలిసి కారప్పొడి, నువ్వుల పొడి, పల్లి పొడి, పుట్నాల పొడి చేసి అమ్ముతాం. సాంచెల మీద పని చేసే మనవాళ్ళు కొంటారు, ఉన్ అనే బస్తీలో మన నిజామాబాద్ వైపు మనిషి ఒకాయన కిరాణా కొట్టులో పెట్టుకుంటాడు, అన్నిటికంటే ఎక్కువగా హజీరా టౌన్‌షిప్‌లో ఇంజనీర్ల ఇళ్ళకు పోతాయి. ఆ ఇళ్ళన్నిటికీ ఆర్డర్లు పోగుచేసి పెట్టేది ఒక్కావిడే. అక్కడి బడిలో టీచరు, మంచి మాట మనిషి, కోస్తా వైపు ఆమె. నేను మేడం అంటాను. ఆమె కూతురే నేను చెప్పిన పిల్ల, ఎల్‌కేజీ చదువుతుంది.

మొదటిసారి ఆర్డరు ఇచ్చినప్పుడే మేడం ఫోన్లో ఆ సంగతి చెప్పింది. ఒక పుట్టినరోజు విందులో పిల్ల పల్లీపట్టీ ముక్క కొరికిందట. చూస్తుండగానే పెదాలు ఉబ్బి, మొహం ఉబ్బి, ఊపిరి అందక నీలం తిరిగిందట. ఆస్పత్రికి తీసుకెళ్తే సూది వేసి బతికించారు. మళ్ళీ తింటే ఇంకా త్వరగా రావచ్చని, ఇంకా గట్టిగా రావచ్చని డాక్టరు చెప్పాడట. ఆమె ఏడవలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. పుట్నాల పొడికి పల్లీ గాలి కూడా తగలనివ్వనని మాటిచ్చాను.

మాటకు తగ్గట్టే చేశాను, అది మాత్రం గట్టిగా చెప్తాను. పుట్నాలకు వేరే మూకుడు, వేరే మిక్సీ గిన్నె, వేరే గరిటె, మూత మీద సుద్దతో గీత పెట్టిన పెద్ద స్టీలు డబ్బా. అది కాక నా దారాల పద్ధతి ఒకటి ఉంది. ఒకసారి ఒకాయన పొడి చేదుగా ఉందని తిట్టిపోశాడు. ఏ రోజు చేసినదో, ఏ కొట్టు మిరపకాయలో చెప్పలేక నోరు మూసుకున్నాను. ఆ అవమానం తర్వాత మా ఆయనతో సాంచెల దగ్గర పారేసే ముక్కదారాలు తెప్పించుకుని, ఒక్కో వాయికి ఒక్కో రంగు దారంతో పాకెట్ మూతి కట్టడం మొదలుపెట్టాను. ఎర్ర దారమంటే ఆ వాయి, తెల్ల దారమంటే ఈ వాయి. పప్పు ఎక్కడ కొన్నానో, ఎవరు వేయించారో, ఎప్పుడు దంచామో దారం చూసి గడగడా చెప్పేదాన్ని. మేడం అయితే టౌన్‌షిప్ అంతా చెప్పుకుని మెచ్చుకుంది. నాకు కొంచెం తలకెక్కింది కూడా.

హజీరా వెళ్ళినవి నీలం దారం పాకెట్లు. ఆ వాయి నేను స్వయంగా చేసినది. పుట్నాలు నేనే ఏరాను, నేనే దంచాను. పల్లీ పలుకు ఆ చుట్టుపక్కల లేదని దేవుడి ముందు ప్రమాణం చేయగలను. మరి ఇది ఎక్కడి నుంచి ఊడిపడింది? డబ్బా దగ్గరికి వెళ్ళాను. అమ్మకానికి పాకెట్లు కట్టగా అడుగున మిగిలినదే మా ఇంట్లో తింటాం. చెంచాతో పైపైన తీసి నాలుక మీద వేసుకుంటే పుట్నాలే. అడుగుకు పోయి గీకి వేసుకుంటే, పల్లీ.

అత్తమ్మ గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. డబ్బా తెచ్చి ఆమె ముందు ధన్‌మని పెట్టాను. ఏం చేశావని అడిగాను. ముందు ఏమీ చేయలేదంది. తర్వాత కొంగు సర్దుకుంది. నేను చెల్లెలి పెళ్ళికి ఊరికి పోయినప్పుడు ఖార్ఖానా వాళ్ళు పల్లి పొడి ఎక్కువగా అడిగారట, చిన్న డబ్బా చాలక ఈ పెద్ద డబ్బాలో పోసిందట. చెప్తే నేను లొల్లి చేస్తానని చెప్పలేదట. సరే, అక్కడి వరకూ నాకు ప్రాణం కుదుటపడింది. నేను ఊరి నుంచి రాగానే డబ్బా తోమి ఎండబెట్టమన్నాను, ఆమె చింతపండు పెట్టి తళతళలాడేలా తోమడం నా కళ్ళతో చూశాను. తోమిన డబ్బాలోకి పల్లి ఎలా వస్తుందని గదమాయించాను.

“తోమినంక డబ్బ ఉత్తగ ఎట్ల ఉంచుత బిడ్డా? తోమకముందే పిడికెడు తీసి పక్కకు పెట్టిన. డబ్బ ఎండినంక ఆ పిడికెడు అడుగున ఏసిన. ఉత్త డబ్బల ఎన్నడన్న కొత్తది పోస్తమా?”

ఆమె చెప్పినది మా ఇళ్ళలో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలిసినదే. బియ్యం డబ్బా గానీ, పసుపు డబ్బా గానీ అడుగు కనపడనివ్వరు. కనపడితే లక్ష్మి లేచిపోతుందని పిడికెడు ఎప్పుడూ ఉంచుతారు. మా అమ్మ చేసేది, నేనూ బియ్యానికి చేస్తాను. వేరే మూకుడు, వేరే గిన్నె, వేరే గరిటె అన్నీ చూసుకున్నాను గానీ, శుభ్రంగా తోమిన డబ్బాలో పాత పిడికెడు మళ్ళీ వచ్చి కూర్చుంటుందని కలలో కూడా అనుకోలేదు. ఆ పిడికెడు మీద నా నీలం దారం వాయి పోసింది. ఉప్పు సమంగా కలవాలని చెయ్యి పెట్టి కలిపింది కూడా. అడుగుదాకా కలిపావా పైపైన కలిపావా అంటే, గుర్తు లేదంది.

అంటే ఏ పాకెట్లో పల్లి ఉందో, ఏ పాకెట్లో లేదో నాకే కాదు, ఎవరికీ తెలియదు. అన్నిటికీ ఒకటే దారం.

అప్పుడు తిట్టాను. మామూలుగా కాదు, నోటికెంత వస్తే అంత. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందన్నాను, ముసలితనానికి బుద్ధి కూడా ముసలిదైందన్నాను. పల్లీ తింటే పైత్యం చేస్తుందని, దగ్గొస్తుందని మావైపు అంటారు కదా, ఆ పిల్లది కూడా అట్లాంటిదే అనుకున్నానని ఆమె మెల్లగా చెప్పింది. చచ్చిపోతుంది అత్తమ్మా అన్నాను. ఆమె చేతిలో వెల్లుల్లి పాయ జారి కింద పడింది.

మేడంకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. బడిలో ఉన్నప్పుడు ఫోన్ సంచిలో పెట్టేస్తుందని నాకు తెలుసు. పిల్ల కూడా అదే బడి. మధ్యాహ్నం డబ్బాలో నెయ్యి, పుట్నాల పొడి కలిపిన అన్నమే పెడతానని ఎన్నోసార్లు చెప్పింది, వేరే ఏది పెట్టినా తినదట. ఇంక ఇంట్లో నిలబడలేకపోయాను. మా ఆయన చెయ్యి కడుక్కుని నేనూ వస్తానన్నాడు. నిద్ర లేని కళ్ళతో నువ్వేం చేస్తావని ఆపి, దిండోలి రోడ్డు మీద ఆటో మాట్లాడి, హజీరా అని ఎక్కాను. అత్తమ్మ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చి పక్కన కూర్చుంది. దిగమన్నాను. దిగలేదు.

ఆటోలో కూర్చున్నాక నా బుర్ర వేరే దారి పట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఏమవుతుంది? టౌన్‌షిప్ మొత్తం పోతుంది. ఒక్క ఇల్లు కూడా మిగలదు, ఇన్నేళ్ళ కష్టం ఒక్క పిడికెడుతో సమాప్తం. అసలు సంగతి చెప్పకుండా పాకెట్లు వెనక్కి తెచ్చుకుంటే చాలు కదా. పొడికి పురుగు పట్టిందని చెప్తే ఎవరైనా ఇచ్చేస్తారు. వాయిస్ మెసేజ్ పెడదామని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ముందు మెల్లగా చెప్పి చూసుకున్నాను. మేడం, నీలం దారం పాకెట్లు విప్పకండి, పురుగు పట్టినట్టుంది, నేనే వచ్చి తీసుకెళ్తాను. బాగానే ఉందనిపించింది. నొక్కబోయాను.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“పురుగని చెప్పకు బిడ్డా. పురుగంటే జల్లెడ పట్టి, ఎండకు పెట్టి, మళ్ళ బిడ్డకే పెడ్తది. నీ మొగడు గసుంటిది తినే పెరిగిండు.”

నిజమే. పురుగు పట్టిన పిండి నేనెన్ని సార్లు జల్లించలేదు? పారేసే తల్లి ఎవరు? ఆ ముసలామె మీద కోపం ఇంకా చల్లారలేదు, పైగా ఆమే సరైన మాట చెప్పిందని మరింత మండింది. ఫోన్ మళ్ళీ పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నీలం దారం పాకెట్లలో పల్లి పొడి కలిసింది, ఎందులో ఎంత కలిసిందో తెలియదు, పాపకు పెట్టకండి, పెట్టి ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పంపించాను. ఆమె విన్నట్టు ఫోన్ చూపించలేదు.

తాపీ నది వంతెన దాటాం. ఇచ్ఛాపూర్ దగ్గర లారీలు. ఇనుప చుట్టలు వేసుకున్న పెద్ద పెద్ద ట్రెయిలర్లు, మధ్యలో కంపెనీ బస్సులు, ఆటో చీమలా కదిలింది. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. బళ్ళో గంట ఎప్పుడు కొడతారో నాకు తెలియదు. పిల్లలు డబ్బాలు విప్పే సమయం దగ్గర పడుతోందని మాత్రం తెలుసు. ఎండ చూస్తే తెలుస్తూనే ఉంది. డ్రైవర్ గుజరాతీ ముసలాయన. ఒకసారి వెనక్కి తిరిగి నా మొహం చూసి, ఏమీ అడగకుండా రోడ్డు పక్క మట్టిలోకి దింపి లారీలను దాటించాడు. అత్తమ్మ కళ్ళు మూసుకుని ఏ దేవుడినో తలుచుకుంటోంది. నేను ఏ దేవుడినీ తలుచుకోలేదు. ఆ పిల్ల పెదాలనే తలుచుకున్నాను. ఫోటోలో చూసిన పిల్లే, ఎదురుగా ఎప్పుడూ చూడలేదు.

టౌన్‌షిప్ గేటు దగ్గర కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. పాస్ ఉందా అన్నాడు. బడికి ఫోన్ చెయ్యి, ఎల్‌కేజీ పాప తల్లి టీచరు, అన్నం తినకముందే ఆపాలి అని హిందీలో అరిచాను. మామూలుగా అయితే వాడు నన్ను తరిమేవాడు. నా గొంతు అట్లా ఉందేమో, గదిలోకి పోయి ఫోన్ ఎత్తాడు. ఏం మాట్లాడాడో వినపడలేదు. బయటికి వచ్చి, వస్తున్నారన్నాడు. అంతే. పిల్ల ఎట్లా ఉందని అడిగితే తెలియదన్నాడు.

మేడం వచ్చింది. పరుగులాంటి నడకతో వస్తోంది, భుజం మీద పిల్ల. పిల్ల మొహం తల్లి మెడలో దాగి ఉంది, చేతులు రెండూ వేలాడుతున్నాయి. అత్తమ్మ నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. దగ్గరికి వచ్చాక పిల్ల తల ఎత్తి మమ్మల్ని చూసింది. పెదాలు మామూలుగా ఉన్నాయి. నిద్రపోతున్న పిల్లను తరగతిలోంచి ఎత్తుకొచ్చిందట తల్లి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకోవడానికి.

గేటు నుంచి కబురు రాగానే సంచిలోంచి ఫోన్ తీసి నా మెసేజ్ విన్నదట. కొత్త పాకెట్ ఇంకా విప్పలేదట. పాత సీసాలో ఇంకా ఉందని ఆ రోజు అదే పెట్టిందట. నేను అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చాను. సిగ్గు పడలేదు. అత్తమ్మ మాత్రం ఏడవలేదు. మేడం ముందుకు వెళ్ళి నిలబడి, పల్లి పిడికెడు వేసింది తనేనని, కోడలికి తెలియదని చెప్పింది.

మేడం అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పాకెట్లు ఇంకా ఎవరెవరికి వెళ్ళాయని అడిగింది. టౌన్‌షిప్ ఇళ్ళు తనకు తెలుసు, తనే ఇంటింటికీ చెప్పి తెప్పిస్తానంది. ఇంకా? మా సాంచెల వాళ్ళకు నీలం దారం ఇవ్వలేదు, ఉన్‌లో కిరాణా కొట్టుకు కొన్ని ఇచ్చాను అన్నాను. అక్కడ ఎవరు కొంటారని అడిగింది. ఎవరు కొంటారో నాకేం తెలుసు మేడం, కొట్టు కదా, ఎవరో ఒకరు కొంటారు అన్నాను.

అప్పుడు ఆమె పిల్లను రెండో భుజానికి మార్చుకుని, “మా పాప సంగతి మీకు తెలుసు కాబట్టి ఇంత దూరం పరుగెత్తుకొచ్చారు,” అంది. “మీకు తెలియని పిల్లల సంగతేంటండీ?”

అంత దూరం ఆ ఒక్క పిల్ల కోసమే వణికాను. ఉన్ గురించి ఒక్కసారి కూడా తలుచుకోలేదు. దారం చూస్తే పప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలను, పొడి ఎవరి నోట్లోకి పోయిందో చెప్పలేను. ఇంక మా పొడి వాళ్ళింటికి వద్దని ఆమె అనలేదు, కావాలని కూడా అనలేదు. పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అత్తమ్మ అప్పటికే ఆటో ఎక్కి కూర్చుంది.

హజీరా నుంచి సచిన్ వైపు పోయే రోడ్డు పట్టుకుని ఉన్ చేరాం. కొట్టు ఆయన మమ్మల్ని చూసి చాయ్ తాగమన్నాడు. నీలం దారం పాకెట్లు చూపించమన్నాను. రేకు మీద వేలాడుతున్నాయి, రెండు తక్కువ. ఉన్నవన్నీ తెంపి వెనక్కి తీసుకున్నాను. ఆ రెండూ ఎవరు తీసుకున్నారని అడిగితే గడ్డం గోక్కున్నాడు. ఒకటి వెనక గల్లీలో ఉండే మరాఠీ ఆడమనిషి తీసుకుంది, చంకలో పిల్ల ఉంది. రెండోది ఎవరో కొత్తవాడు, చేతిలో అన్నం డబ్బా ఉంది, పనికి పోతూ తీసుకున్నట్టున్నాడు, ఏ వైపు పోయాడో చూడలేదు. ఒక పాకెట్ కోసం ఇంత లొల్లి ఏందక్కా అని నవ్వాడు కూడా. ఆయన తప్పు లేదు. నేనైనా అట్లాగే నవ్వేదాన్ని.

వెనక గల్లీ అంతా వరసగా ఒక్క గది ఇళ్ళు. అత్తమ్మకు హిందీ రాదు. హైదరాబాద్‌లో పని చేసిన రోజుల్లో విన్న నాలుగు ముక్కలే వచ్చు. నేను ఇంకా మొదటి ఇంటి వాళ్ళకు సంగతి వివరిస్తుండగానే ఆమె రెండో ఇల్లు, మూడో ఇల్లు దాటేసింది. చేతిలో నీలం దారం పాకెట్ పైకెత్తి, ప్రతి గుమ్మం ముందూ, “యే పుడియా నక్కో, బచ్చేకు నక్కో,” అంటూ, ఈ పొట్లం వద్దు, పిల్లలకు పెట్టొద్దని చేతులతో చూపిస్తూ పోతోంది. కొందరు భిక్షగత్తె అనుకున్నారు. ఒకావిడ తలుపు వేసుకుంది. ఎప్పుడూ పరాయి మగవాళ్ళ ముందు కొంగు తలమీంచి దించని మనిషి, ఆ ఎండలో జుట్టు ముడి ఊడి, గుమ్మం గుమ్మం తిరుగుతోంది.

గల్లీ చివర ఒక ఇంటి ముందు ఆగింది. లోపల ఒక చిన్న పిల్ల కింద కూర్చుని ఉంది, తల్లి రొట్టె ముక్క పొడిలో అద్ది నోటికి అందిస్తోంది. పక్కనే విప్పిన పాకెట్, నీలం దారం. అత్తమ్మ అడగలేదు, ఆగలేదు. లోపలికి దూకి ఆ తల్లి చేతిలోంచి రొట్టె ముక్క లాగేసి, కంచం లాగేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. తల్లి లేచి అత్తమ్మ రెక్క పట్టుకుని ఒక్క తోపు తోసింది. అత్తమ్మ గోడకు తగిలి కూర్చుండిపోయింది, కంచం మాత్రం వదల్లేదు.

నేను పరుగున పోయి కాళ్ళా వేళ్ళా పడి చెప్పాను. ఇందులో పల్లీ కలిసింది, కొందరు పిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది, మీ పాపకు ఎప్పుడైనా అట్లా అయిందా అని అడిగాను. ఆ తల్లికి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. వాళ్ళ ఖాందేశ్ వైపు పల్లీ లేని పూట ఉండదట, ఈ పిల్ల పళ్ళు రాకముందు నుంచి తింటోందట. అత్తమ్మను లేవదీసి, తోసినందుకు మాఫ్ చేయమని అడిగి, మంచినీళ్ళు ఇచ్చింది. అత్తమ్మ కంచం తిరిగి ఇవ్వడానికి మాత్రం చాలా సేపు ఒప్పుకోలేదు. నేనే చేతుల్లోంచి మెల్లగా విడిపించి ఇచ్చాను.

పొద్దున నేనన్న మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. ఆమె మోచేయి గీసుకుపోయింది. నా కొంగుతో తుడిచాను. తుడుస్తుంటే నా కళ్ళు నిండాయి, ఆమె నా వైపు చూడనే లేదు. గుమ్మంలో నిలబడి ఆ పిల్లనే చూస్తోంది. పిల్ల ఏడుపు మరిచి మళ్ళీ నోరు తెరిచింది, తల్లి ముక్క పెట్టింది. ప్రతి ముక్కకూ అత్తమ్మ ఆ పెదాలను చూసింది. చివరి ముక్క మింగాక కూడా కదల్లేదు. ఏమీ కాదు అత్తమ్మా, ఆమె చెప్పింది కదా, పోదాం పద అన్నాను.

“రెండోది గాడెవడో తీస్కపోయిండు గద,” అంది. “గానికి సుత పిల్లలుంటరు.”

గల్లీ మలుపు తిరిగి, పాకెట్ పైకెత్తుకుని, పక్క గల్లీలో మొదటి గుమ్మం ముందు నిలబడింది. సాయంత్రం సాంచెల పాళీ మారి, గల్లీలన్నీ మగవాళ్ళతో నిండేదాకా తిరిగాం. అన్నం డబ్బా పట్టుకున్న వాడు కనిపించినప్పుడల్లా ఆపి అడిగాం. వందల మంది చేతుల్లో అన్నం డబ్బాలే ఉన్నాయి.

ఆ పాకెట్ దొరకలేదు. అది తిన్నదెవరో, తిన్నాక ఏమైందో నాకు ఈ రోజు వరకూ తెలియదు.